అద్దాలు బిగించినా ఆగని పొగ: తిరుపతి రోడ్లపై కారులో పీల్చే గాలి

ఉదయం ఎనిమిదిన్నర. రేణిగుంట వైపు నుంచి తిరుపతి ఊళ్లోకి వస్తున్న కారు ఒక పాత లారీ వెనక చిక్కుకుంది. లారీ గేరు మారిన ప్రతిసారీ సైలెన్సర్ లోంచి నల్లటి పొగ ఒక్క ఉదుటున వచ్చి కారు బానెట్ మీద పరుచుకుంటోంది. ఇలాంటప్పుడు కారులో ఉన్నవారు మొట్టమొదట అద్దాలు ఎత్తుతారు. అద్దం పైకి చేరగానే హారన్ల మోత తగ్గుతుంది, దుమ్ము కనిపించదు, ఏసీ చల్లగా తగులుతుంది. రోడ్డు మీది బాధలన్నీ బయటే ఆగిపోయాయన్న నిశ్చింత కలుగుతుంది. కానీ నాలుగు క్షణాలు గడిచేసరికి డీజిల్ వాసన ముక్కుకు తగులుతుంది. అద్దాలు మూసి ఉన్నాయి, తలుపులు బిగించి ఉన్నాయి. మరి ఆ వాసన ఎక్కడి నుంచి వచ్చింది?

వైపర్ల కింద నుంచి. ముందు అద్దం మొదట్లో, బానెట్ ముగిసే చోట నల్లటి ప్లాస్టిక్ జాలీ ఒకటి ఉంటుంది. చెట్టు కింద నిలిపిన కారులో వేపాకులు, ఎండు పూరేకులు ఇరుక్కునేది అందులోనే. కారులో ఫ్యాను తిరుగుతున్నప్పుడు, బయటి గాలి తీసుకునే పద్ధతిలో ఉంటే, లోపలికి చేరే గాలంతా ఆ జాలీ గుండానే వస్తుంది. అది ముందు వాహనం పొగ వదిలే చోటికి ఎదురుగా, దానికి అతి దగ్గరగా ఉంటుంది. అంటే ట్రాఫిక్‌లో కారు గాలి పీల్చే ముక్కు ముందు వాహనం సైలెన్సర్ ఎదుటే ఉందన్నమాట. కార్లు కొనేవారు మైలేజీ అడుగుతారు, డిక్కీ ఎంత పెద్దదో చూస్తారు. గాలి ఎక్కడి నుంచి వస్తుందో, దేని గుండా వడకట్టుకుని వస్తుందో అడిగేవారు అరుదు. రోజుకు గంటా రెండు గంటలు ఆ పెట్టెలో కూర్చుని ఊపిరి తీసుకునేవారికి ఇది మైలేజీకన్నా చిన్న విషయం కాదు.

ఊరి గాలి వేరు, రోడ్డు గాలి వేరు

గాలి కాలుష్యం గురించిన చర్చ సాధారణంగా ఊరికి ఒక అంకెతో నడుస్తుంది. వాయు నాణ్యత సూచీ వంద లోపు ఉంటే పర్వాలేదని, దాటితే జాగ్రత్త అని. ఆ అంకె అవసరమే. అయితే దాన్ని కొలిచే యంత్రాలను చాలావరకు ఒక ప్రాంతపు సగటు గాలిని పట్టుకోవడానికి పెడతారు. లీలామహల్ కూడలిలో బస్సుకూ ఆటోకూ మధ్య ఇరుక్కున్న కారు ముందు ఉండే గాలి ఆ యంత్రానికి తెలియదు.

ఈ తేడా ఎంత ఉంటుందో చూపిన అధ్యయనాల్లో ఒకటి ఢిల్లీ ఆటోల్లో జరిగింది. 2011లో ప్రచురితమైన ఆ కొలతల ప్రకారం, ఆటోలో కూర్చున్నవారు పీల్చే గాలిలో పీఎం 2.5 అనే సూక్ష్మ ధూళి నగరపు నేపథ్య గాలిలో కన్నా సుమారు ఒకటిన్నర రెట్లు ఉంది. అంతవరకే చూస్తే పెద్ద తేడా కాదనిపిస్తుంది. కానీ అదే ఆటోలో నల్లమసి మూడున్నర రెట్లు దాటింది. కణాల సంఖ్యను లెక్కపెడితే ఎనిమిది రెట్లకు పైగా తేలింది.

ఒకే గాలికి మూడు రకాల రెట్లు ఎలా వచ్చాయి? పీఎం 2.5 అంటే 2.5 మైక్రాన్లు, అంతకన్నా చిన్నవైన కణాలన్నిటి బరువు. తల వెంట్రుక మందం 50 నుంచి 70 మైక్రాన్లు ఉంటుందనుకుంటే ఆ కణం ఎంత చిన్నదో ఊహకు అందుతుంది. అయితే ఇంజను నుంచి అప్పుడే బయటపడిన పొగలో అంతకన్నా చాలా చిన్నవి, 0.1 మైక్రాన్ కూడా లేని అతిసూక్ష్మ కణాలు లెక్కకు మించి ఉంటాయి. వాటి బరువు దాదాపు శూన్యం. ఒక గుమ్మడికాయ ఎత్తు ఆవాలు తూచితే ఎన్ని లక్షల గింజలు వస్తాయి? తక్కెడకు రెండూ ఒకటే. ఊపిరితిత్తుల లోతుల్లోని గాలి తిత్తులకు మాత్రం ఒకటి కాదు. గింజ చిన్నదయ్యే కొద్దీ లోపలికి చొచ్చుకుపోతుంది, అతిచిన్నవి రక్తంలోకీ చేరగలవు. బరువు చెప్పే అంకె రోడ్డు మీది అసలు తీవ్రతను తక్కువ చేసి చూపడానికి కారణం ఇదే.

ఇందులో ఊరట కలిగించే విషయం కూడా ఉంది. అతిసూక్ష్మ కణాలు రోడ్డు నుంచి దూరం జరిగే కొద్దీ వేగంగా పలచబడతాయి. పెద్ద రోడ్డుకు 150 నుంచి 300 మీటర్ల దూరం వెళ్తే దాదాపు చుట్టుపక్కల గాలి స్థాయికి దిగివస్తాయి. ఒక సందు వెనక ఉన్న ఇల్లు, రోడ్డుకు ఆనుకున్న ఇల్లు ఒకే గాలి పీల్చవు. కారు విషయంలోనూ ఇదే సూత్రం, కాకపోతే మీటర్ల లెక్కలో. సైలెన్సర్ నుంచి వచ్చిన పొగ మొదటి కొన్ని మీటర్లలోనే చాలావరకు చెదిరిపోతుంది. ముందు వాహనానికి ఆనించి ఆపే కారుకూ, ఒక కారు పట్టేంత ఎడం ఉంచి ఆపే కారుకూ మధ్య ఎంతో తేడా ఉంటుంది. ఖర్చు లేని జాగ్రత్త ఇది. తిరుపతిలో ఆ ఎడం ఉంచిన మరుక్షణం ఒక ఆటో వచ్చి అందులో దూరుతుందన్నదీ నిజమే. ఆ ఇబ్బంది ఉన్నా, లారీ, పాత డీజిల్ బస్సు కనిపించినప్పుడైనా ఎడం పాటించడం మేలు.

ప్రమాణాల సంగతి క్లుప్తంగా. మన దేశంలో 2009 నుంచి అమల్లో ఉన్న జాతీయ ప్రమాణాల ప్రకారం ఘనపు మీటరు గాలిలో పీఎం 2.5 రోజు సగటు 60 మైక్రోగ్రాములు, ఏడాది సగటు 40 మైక్రోగ్రాములు దాటకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సవరించిన మార్గదర్శకాలలో ఇవి 15, 5 మాత్రమే. డీజిల్ పొగను క్యాన్సర్ కారకమని ఆ సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2012లోనే నిర్ధారించింది. జాతీయ శుద్ధ వాయు కార్యక్రమం 2019లో మొదలైంది. ఆంధ్రప్రదేశ్ నుంచి దాని పరిధిలోకి వచ్చిన 13 నగరాల్లో చిత్తూరు ఉంది, తిరుపతి లేదు. జాబితాలో లేనంత మాత్రాన తిరుపతి కూడళ్లలో పొగ లేదని అర్థం కాదు. అది నగరపు గాలి కొలతల ఆధారంగా తయారైన జాబితా. ఆఫీసు వేళ కారులో కూర్చున్న మనిషి ముక్కు దగ్గర కొలిచి చేసినది కాదు.

ఎర్ర లైటు దగ్గర

ఇంగ్లాండులోని సర్రే విశ్వవిద్యాలయం పరిశోధకులు సుమారు పదేళ్ల కిందట ఒక లెక్క తేల్చారు. ప్రయాణ సమయంలో సిగ్నల్ కూడళ్ల దగ్గర గడిపేది రెండు శాతమే అయినా, ఆ ప్రయాణంలో లోపలికి పోయే హానికర కణాల్లో దాదాపు నాలుగో వంతు అక్కడే పోతుంది. నిలిచి ఉన్న ఇంజన్లు, ఒక్కసారిగా కదిలేటప్పుడు గుప్పుమనే పొగ, చుట్టూ వాహనాలు దడికట్టినట్టు ఉండడం వల్ల కదలని గాలి, ఈ మూడూ కలిసి కూడలిని ఒక గిన్నెలా మారుస్తాయి. ఇంగ్లాండులో సిగ్నల్ దగ్గర రెండు శాతం సమయం సరిపోతుందేమో. సెలవు రోజుల్లో యాత్రికుల వాహనాలు కమ్మేసినప్పుడు తిరుపతి బస్టాండు నుంచి అలిపిరి చేరడానికి ఎంత సేపు నిలబడాలో ఊరివారికి వేరే చెప్పక్కరలేదు. సాధారణ రోజుల్లోనే అరవై వేలకు పైబడి భక్తులు కొండకు వస్తారు. వారిలో ఎక్కువ మంది ఈ ఊరి రోడ్ల మీదుగానే పోవాలి.

2023 సెప్టెంబరులో పూర్తిస్థాయిలో ప్రారంభమైన శ్రీనివాస సేతు ఈ పరిస్థితిని కొంత మార్చింది. తిరుచానూరు వైపు నుంచి కపిలతీర్థం దాకా సుమారు ఏడు కిలోమీటర్ల ఈ పైవంతెన మీద వెళ్లే వాహనాలు కూడళ్లలో ఆగక్కర్లేదు. నిలకడగా సాగే ఇంజను తక్కువ పొగ వదులుతుంది. పైన గాలి ఆడుతుంది కాబట్టి ఆ పొగ త్వరగా చెదురుతుంది. వంతెన ఎక్కిన కారుకు ఇది మేలే. వంతెన కింద మిగిలిన రోడ్డు మాటేమిటి? పైన కప్పు, పక్కన స్తంభాలు, ఇరువైపులా దుకాణాల గోడలు ఉన్న చోట పొగ పైకి పోయే దారి తగ్గుతుంది. అక్కడే ఆటోలు ఆగుతాయి, అక్కడే జనం రోడ్డు దాటుతారు. ఒకే ఊళ్లో, ఒకే నిమిషంలో, ముప్పై అడుగుల ఎత్తు తేడాతో రెండు రకాల గాలి ఉంటుంది. పైన పోగలిగిన దారి ఉన్నప్పుడు కింద నుంచి పోవడం కారులో ఉన్నవారికి అనవసరపు నష్టం. వంతెనను ప్రయాణ సమయం లెక్కలోనే కాక గాలి లెక్కలోనూ చూడాలి.

ఒక చిన్న బటన్

ఏసీ మీటల దగ్గర కారు బొమ్మ, దాని లోపల వంపు తిరిగిన బాణం గుర్తు ఉన్న బటన్ ఒకటి ఉంటుంది. కొన్ని కార్లలో అది పక్కకు జరిపే మీట. దాన్ని నొక్కితే బయటి గాలి వచ్చే దారి మూసుకుని, లోపలి గాలే మళ్లీ మళ్లీ తిరుగుతుంది. దీన్నే రీసర్క్యులేషన్ అంటారు. ఏసీ త్వరగా చల్లబడడానికి పనికొచ్చేదిగానే చాలామందికి ఇది తెలుసు. నిజానికి కారులో ఉన్నవారికి పొగ నుంచి ఉన్న అతి పెద్ద రక్షణ ఇదే. ఒక అంతర్జాతీయ బృందం పది నగరాల్లో కార్లలో కొలిచి చూసింది. వాటిలో మనకు పొరుగున ఉన్న చెన్నై కూడా ఒకటి. అద్దాలు దించుకుని వెళ్లిన వారికి అన్నిటికన్నా ఎక్కువ ధూళి, రీసర్క్యులేషన్‌లో వెళ్లిన వారికి అన్నిటికన్నా తక్కువ ధూళి అందింది. అద్దాలు మూసి బయటి గాలి తీసుకున్నవారు ఈ రెంటి మధ్యలో నిలిచారు.

రీసర్క్యులేషన్‌లో ఫిల్టర్ బలం రెట్టింపు, మూడింతలు అవుతూ పోతుంది. చిన్న కారు లోపల ఉండే గాలి సుమారు మూడు ఘనపు మీటర్లు. ఫ్యాను మధ్యస్థ వేగంలో తిరిగినా ఆ గాలి దాదాపు నిమిషానికి ఒకసారి మొత్తంగా ఫిల్టర్ గుండా పోయి వస్తుంది. ఒక్కో విడతలో సగం కణాలనే పట్టే మామూలు ఫిల్టర్ అయినా, రెండో విడతకు పావు వంతు, మూడో విడతకు ఎనిమిదో వంతు మాత్రమే మిగులుతాయి. అద్దాల సందుల్లోంచి కొంత పొగ చొరబడుతూనే ఉంటుంది కాబట్టి అసలు లెక్క ఇంత శుభ్రంగా ఉండదు. అయినా నాలుగైదు నిమిషాల్లో తేడా స్పష్టంగా వస్తుంది. బయటి గాలి తీసుకునే పద్ధతిలో మాత్రం ప్రతి కణానికీ ఒక్క వడపోతే దక్కుతుంది. ఒక మినహాయింపు ఉంది. కొన్ని కార్లలో ఫిల్టర్ బయటి గాలి దారిలో మాత్రమే ఉంటుంది. వాటిలో ఈ బటన్ కొత్త పొగను ఆపగలదే కాని లోపలి పొగను వడకట్టలేదు.

అలాగని ఆ బటన్ నొక్కి మరిచిపోవడం పొరపాటు. మనిషి విడిచే ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది. కూర్చున్న మనిషి గంటకు పదిహేను నుంచి ఇరవై లీటర్ల దాకా విడుస్తాడు. కారులో ఐదుగురు ఉంటే గంటకు సుమారు తొంభై లీటర్లు, పది నిమిషాలకు పదిహేను లీటర్లు. మూడు వేల లీటర్ల గాలిలో పదిహేను లీటర్లంటే పది లక్షల పాళ్లలో ఐదు వేల పాళ్లు. బయటి గాలిలో అది 420 పాళ్లకు కాస్త ఎక్కువ. సందుల్లోంచి గాలి మారుతుంది కాబట్టి నిజంగా అంత పేరుకోదు. కానీ రెండు మూడు వేల పాళ్లకు చేరడం మామూలే. ఆ స్థాయిలో విషం కాదు, మత్తు. తల బరువెక్కుతుంది, ఆవలింతలు వస్తాయి, చురుకు తగ్గుతుంది. స్టీరింగు పట్టుకున్న మనిషికి ఆ కాస్త మత్తే చాలు. రాత్రి చిత్తూరు నుంచి తిరుపతికి నిండుగా మనుషులతో వస్తున్న కారులో డ్రైవరు కళ్లు మూతలు పడుతుంటే, తప్పు భోజనానిదే అనుకుంటాం. డ్యాష్‌బోర్డు మీది ఆ బాణం గుర్తు వెలుగుతోందేమో కూడా చూడాలి.

కాబట్టి ఈ బటన్‌ను ఎప్పుడూ వేసి ఉంచడం గానీ, ఎప్పుడూ తీసేసి ఉంచడం గానీ కుదరదు. లారీ వెనక, కూడలిలో, రాళ్లు కోసే యూనిట్ల దుమ్ము రోడ్డులో వేయాలి. గాలి తేలికపడిన చోట తీసి, ఐదు నిమిషాలు కొత్త గాలి రానివ్వాలి. నిండా మనుషులు ఉంటే పది పదిహేను నిమిషాలకు ఒకసారి, ఒక్కరే ఉంటే అరగంటకు ఒకసారి తీసినా సరిపోతుంది. వానలో, చలి ఉదయాల్లో రీసర్క్యులేషన్ వేస్తే ఊపిరి తేమకు ముందు అద్దం మసకబారుతుంది. అప్పుడు దాన్ని వెంటనే తీసేయాలి. దారి కనబడడం అన్నిటికన్నా ముఖ్యం.

డ్యాష్‌బోర్డు అర వెనక

చాలా కార్లలో క్యాబిన్ ఫిల్టర్ ఎడమ సీటు ముందున్న డ్యాష్‌బోర్డు అర వెనక ఉంటుంది. రెండు క్లిప్పులు తీస్తే అర కిందికి వాలుతుంది. దాని వెనక పుస్తకం పరిమాణంలో ఒక ప్లాస్టిక్ మూత, మూత వెనక మడతలు మడతలుగా తెల్లటి కాగితం లాంటి దళసరి ముక్క ఉంటాయి. తెల్లటిదన్నది కొత్తలో మాట. ఊళ్లో ఏడాది తిరిగిన కారులో దాన్ని బయటికి లాగితే ఆ మడతల మీద బూడిద రంగు మెత్తటి దుమ్ము పొర, మడతల లోతుల్లో నల్లటి చార, ఒక మూలన ఎండిన ఆకు తొడిమలు, ఒకటో రెండో పురుగు రెక్కలు కనిపిస్తాయి. వేలితో తాకితే నల్లటి జిడ్డు అంటుకుంటుంది. ఆ నలుపు రోడ్డు మట్టి కాదు, మసి. ఆ ముక్క లేకపోతే అదంతా కారులో కూర్చున్నవారి ఊపిరితిత్తుల్లోకి పోవాల్సిందే.

మన దేశంలో అమ్మిన తక్కువ ధర కార్లలో, కనీస హంగులతో వచ్చే రకాల్లో చాలావాటికి ఆ ఫిల్టరే ఉండదు. అది పెట్టడానికి చోటు ఉంటుంది, చోటు ఖాళీగా ఉంటుంది. కొన్నవారికి ఆ సంగతి తెలియనే తెలియదు. మెకానిక్ షెడ్డులో ఒకసారి అర విప్పి చూపించమంటే తేలిపోతుంది. ఖాళీగా ఉంటే తగిన ఫిల్టర్ కొని పెట్టించుకోవచ్చు. ఒక నెల పెట్రోలు ఖర్చుతో పోలిస్తే అది చిన్న మొత్తమే. ఉన్నదాన్ని ఎప్పుడు మార్చాలన్నది కారు పుస్తకంలో రాసి ఉంటుంది. అయితే దుమ్ము రోడ్ల మీద, క్వారీ లారీలు తిరిగే దారుల్లో ఆ గడువు కన్నా ముందే మార్చాలి. గాలి కొట్టి దులిపి మళ్లీ పెట్టడం షెడ్లలో అలవాటు. దులిపితే ఆకులు, పెద్ద దుమ్ము పోతాయి. మడతల్లో ఇంకిన మసి పోదు, పైగా ఆ ఒత్తిడికి పీచు చిరిగి కన్నాలు పడవచ్చు.

మామూలు ఫిల్టర్ ధూళిని పడుతుంది కాని వాయువులను పట్టదు. నైట్రోజన్ డయాక్సైడ్, బెంజీన్ ఆవిరి, డీజిల్ వాసన దాని గుండా నేరుగా వచ్చేస్తాయి. వాటికి బొగ్గు పొర ఉన్న ఫిల్టర్ కావాలి. అది కూడా కొన్నాళ్లకు నిండిపోయి పట్టడం మానేస్తుంది. చూడ్డానికి బాగానే ఉన్న ఫిల్టర్ వాసనను ఆపలేకపోతే మార్చే వేళైందని అర్థం.

కొండ ఎక్కే గాలి, దిగే గాలి

తిరుమలకు రెండు ఘాట్ రోడ్లు. 1944లో వేసిన మొదటిది ఇప్పుడు దిగడానికి, తర్వాత వేసిన రెండోది ఎక్కడానికి. ప్రమాదాలు తగ్గించడానికి చేసిన ఈ ఏర్పాటు వల్ల గాలి విషయంలోనూ రెండు రోడ్లూ వేరు వేరు స్వభావాలు తెచ్చుకున్నాయి. ఎక్కే రోడ్డులో ఇంజను బరువు లాగుతుంది. ఎక్కువ ఇంధనం కాలుతుంది, ఎక్కువ పొగ వస్తుంది. ముందు ఒక డీజిల్ జీపు ఉంటే దాన్ని దాటే వీలు లేక కిలోమీటర్ల కొద్దీ దాని వెనకే పోవాలి. దిగే రోడ్డులో పొగ తక్కువ, బ్రేకు ధూళి ఎక్కువ. వరసగా మలుపులు దిగుతున్నప్పుడు గాలిలో తేలి వచ్చే ఆ ఘాటైన, కాలిన వాసన కొండ దిగిన ప్రతివారికీ తెలుసు. అది అరిగి వేడెక్కిన బ్రేకు ప్యాడ్ల వాసన. దానితో పాటు ఇనుము, రాగి వంటి లోహాల సూక్ష్మ ధూళి కూడా ఉంటుంది.

2022 సెప్టెంబరులో తిరుమల దారిలో ఆర్టీసీ విద్యుత్ బస్సులు మొదలయ్యాయి. ఎక్కే రోడ్డులో వాటి మేలు కళ్లకు కనిపించేదే. వాటి వెనక పోయే కారుకు పీల్చడానికి పొగ ఉండదు. దిగేటప్పుడు అవి మోటారు సాయంతోనే వేగం తగ్గించుకుంటాయి కాబట్టి బ్రేకుల అరుగుదల కూడా తక్కువ. టైర్ల ధూళి, రోడ్డు మీంచి లేచే దుమ్ము మాత్రం విద్యుత్ బండి అయినా తప్పవు.

ఘాట్ రోడ్డులో రీసర్క్యులేషన్ వేసి, ఏడుగురు కూర్చున్న కారును కింద నుంచి పైదాకా మూసి ఉంచితే పిల్లలకు వాంతులు, పెద్దలకు తలనొప్పి రావడంలో ఆశ్చర్యం లేదు. నెమ్మదిగా సాగే కారులో సందుల గుండా గాలి మార్పిడి కూడా తక్కువే. మలుపుల తిప్పుడుకు ఊపిరాడని గాలి తోడవుతుంది. ముందు పొగ బండి లేనప్పుడు, అడవి మధ్యలో అద్దాలు దించుకోవడమే మంచిది. శేషాచలం చెట్ల గాలికి మించిన ఫిల్టర్ ఏ షెడ్డులోనూ దొరకదు.

లోపల పుట్టే పొగ

బయటి పొగ గురించి ఇంత మాట్లాడుకున్నాక లోపలి దాని గురించి కూడా చెప్పాలి. తెల్లవారుజామున రైల్వే స్టేషన్ ఎదుట, విష్ణు నివాసం పక్కన ట్యాక్సీలు బారులు తీరి ఉంటాయి. డ్రైవరు బండి తుడిచి, డ్యాష్‌బోర్డు మీది స్వామి పటానికి పూలు పెట్టి, రెండు అగరొత్తులు వెలిగిస్తాడు. అది ఆ రోజు సంపాదనకు, క్షేమానికి మొక్కుకునే మొక్కు. అందులో తప్పు పట్టేందుకు ఏమీ లేదు. చూడాల్సింది ఆ ఒత్తి ఎక్కడ కాలుతోందన్నదే. అగరొత్తి ఒక గ్రాము కాలితే 45 మిల్లీగ్రాములకు పైగా సూక్ష్మ కణాలు వస్తాయని పరిశోధనలు చెబుతున్నాయి. సిగరెట్టుకు ఆ లెక్క పది మిల్లీగ్రాములు. గ్రాము బరువున్న ఒక్క ఒత్తిలో పావు వంతు కారులో కాలిందని, ఆ పొగలో సగం తలుపుల్లోంచి బయటికి పోయిందని అనుకుందాం. మూడు ఘనపు మీటర్ల గాలిలో ఇంకా ఘనపు మీటరుకు 1,800 మైక్రోగ్రాములకు పైగా మిగులుతుంది. లెక్క స్థూలమైనదే, ఆ స్థాయి ఎక్కువ సేపు నిలవదు. అయినా రోజు సగటు ప్రమాణం 60 అని గుర్తు చేసుకుంటే, ఆ వెంటనే ఎక్కి కూర్చునే ఆస్తమా మనిషికి, చంటిబిడ్డకు అది ఎంత భారమో తెలుస్తుంది. ఒత్తిని బానెట్ ముందు వెలిగించి, స్వామికి చూపి, బయటే గుచ్చి, నాలుగు తలుపులూ తెరిచి కాసేపు ఉంచితే భక్తికి లోటు రాదు, పొగా నిలవదు.

కొత్త కారు వాసన చాలామందికి ఇష్టం. ప్లాస్టిక్, జిగురు, సీటు గుడ్డల నుంచి వెలువడే రసాయన ఆవిర్లే ఆ వాసన. వేడికి అవి ఎక్కువవుతాయి. మే నెల ఎండలో నిలిపిన కారు లోపల అరవై డిగ్రీలు దాటడం కష్టమేమీ కాదు. ఎక్కగానే అద్దాలు దించి రెండు నిమిషాలు నడిపి, ఆ తర్వాత ఏసీ వేస్తే ఆ ఆవిర్లు చాలావరకు పోతాయి, కారు కూడా త్వరగా చల్లబడుతుంది.

వీటన్నిటికన్నా భయపడాల్సినది మరొకటి ఉంది. దర్శనానికి వెళ్లిన కుటుంబం కోసం ఎదురుచూస్తూ, పార్కింగు స్థలంలో ఇంజను నడుపుతూ, ఏసీ వేసుకుని, అద్దాలు మూసి నిద్రపోయే డ్రైవర్లు ఉంటారు. సైలెన్సర్ పైపుకు ఎక్కడైనా పగులు ఉన్నా, కారు గోడకు ఆనించి ఉన్నా, పక్క బండి పొగ ఇటు తిరిగినా కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ కన్నా రెండు వందల రెట్లకు పైగా గట్టిగా అంటుకుంటుంది. నిద్రలో ఉన్న మనిషికి మెలకువ రాదు. ఇంజను ఆపి, అద్దాలు దించి, నీడన పడుకోవాలి. ఈ ఒక్క విషయంలో అశ్రద్ధకు చోటు లేదు.

అద్దం అవతల

జూన్, జూలై నెలల్లో చిత్తూరు చుట్టుపక్కల తోతాపురి మామిడి కోత సాగుతుంది. గుజ్జు ఫ్యాక్టరీల ముందు కాయల ట్రాక్టర్లు రోడ్డు పొడవునా బారులు తీరతాయి. గంటల తరబడి, కొన్నిసార్లు రాత్రంతా, జరుగుతూ ఆగుతూ ఉంటాయి. 2020 ఏప్రిల్ నుంచి కొత్త కార్లకు, బస్సులకు, లారీలకు పొగను కట్టడి చేసే బీఎస్-6 (భారత్ స్టేజ్-6) ప్రమాణాలు వచ్చాయి. డీజిల్‌లో గంధకం పది లక్షల పాళ్లకు 50 నుంచి 10 పాళ్లకు తగ్గింది. ట్రాక్టర్లకు ఆ ప్రమాణాలు వర్తించవు, వాటి నిబంధనలు వేరు. ఆ వరసను దాటిపోయే కారుకు రెండు మూడు నిమిషాల బాధ. బటన్ నొక్కి దాటిపోవచ్చు. ట్రాక్టరు మీద కూర్చున్న రైతు ముందు ట్రాక్టరు పొగనే రాత్రంతా పీలుస్తాడు. తన కాయకు ధర ఎంత పలుకుతుందోనన్న దిగులుతో ఉన్న మనిషికి ఆ పొగ గురించి ఆలోచించే తీరికా ఉండదు.

కారులో కూర్చున్నవారి గాలి గురించి మాట్లాడేటప్పుడు ఈ అవతలి మనిషిని వదిలేస్తే లెక్క సగమే అవుతుంది. అద్దం, ఫిల్టర్, బటన్ ఉన్నవారికి రక్షణ ఉంది. షేర్ ఆటోలో, స్కూటరు మీద, అద్దాలు తీసి ఉన్న బడి వ్యానులో ఉన్నవారికి లేదు. పిల్లలు తమ బరువుతో పోలిస్తే పెద్దలకన్నా ఎక్కువ గాలి పీలుస్తారు. కూడలిలో ఎనిమిది గంటలు నిలబడే ట్రాఫిక్ కానిస్టేబుల్ చుట్టూ ఎప్పుడూ ఏదో ఒక ఇంజను నడుస్తూనే ఉంటుంది. ఆ పొగలో కొంత భాగం ఏసీ వేసుకుని ఎర్ర లైటు దగ్గర ఆగిన కారుదే. పొల్యూషన్ సర్టిఫికెట్ ఉందన్నది దీనికి సమాధానం కాదు. ఆ పరీక్షలో పెట్రోలు బండికి కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు చూస్తారు, డీజిల్ బండికి పొగ ఎంత చిక్కగా ఉందో చూస్తారు. సూక్ష్మ ధూళినీ నైట్రోజన్ ఆక్సైడ్లనూ అందులో కొలవరు.

సిగ్నల్ దగ్గర ఇంజను ఆపడం అందుకే రెండు వైపులా మేలు చేసే పని. పది సెకన్లకు మించి ఆగాల్సి వస్తే, నడుస్తూ ఉంచడం కన్నా ఆపి మళ్లీ వేయడానికే తక్కువ ఇంధనం పడుతుంది. సిగ్నల్ మీద అంకెలు తగ్గుతూ కనిపించే కూడళ్లలో ఎంత సేపు ఆపవచ్చో ఊహించాల్సిన పని కూడా లేదు. మే నెల మధ్యాహ్నం నలభై రెండు డిగ్రీల ఎండలో ఏసీ ఆపమనడం ఎవరికీ న్యాయంగా తోచదు. అయితే తిరుపతిలో, చిత్తూరులో పొగ నేలకు దగ్గరగా పేరుకునేది ఆ కాలంలో కాదు. వానలు వెనకబట్టాక, డిసెంబరు, జనవరి ఉదయాల్లో నేల మీది గాలి చల్లగానూ, పై పొర వెచ్చగానూ ఉండి పొగ పైకి లేవలేక నిలిచిపోతుంది. కొండ పాదాల దగ్గర పలచటి తెరలా అది కంటికి కనిపిస్తుంది కూడా. అప్పుడు ఏ కారుకూ ఏసీ అవసరం ఉండదు. లీలామహల్ కూడలిలో తొంభై అని అంకె పడ్డ ఆ చలి ఉదయాన తాళం వెనక్కి తిప్పితే, లోపలివారికి ఉక్కపోయదు, పక్కన స్కూటరు మీద ఆగిన తల్లి ముందు నిలబడిన పిల్ల ముఖానికి ఒక సైలెన్సర్ పొగ తగ్గుతుంది.